మంచు తీసే లారీల జీపీఎస్ డేటాని సిటీ మ్యాప్‌కి కలపడం: భీమవరం నుంచి అడిగిన ప్రశ్నకి నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. భీమవరంలో ఎనిమిది మంది పనిచేసే చిన్న ఆఫీసు మీది. అమెరికాలో ఉత్తరాన ఉన్న ఒక నగరం పని సబ్‌కాంట్రాక్టులో మీదాకా వచ్చింది. వాళ్ల స్నో ప్లౌ లారీల్లో, అంటే ముందు బిగించిన బ్లేడుతో మంచు తోసే లారీల్లో, జీపీఎస్ డివైస్‌లు ఉన్నాయి, డేటా ఏపీఐలో (ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంకి డేటా ఇచ్చే దారి) వస్తోంది. సిటీ దగ్గర వీధుల మ్యాప్ ఉంది. రెండూ కలిపి ఏ వీధిలో మంచు తీశారో, ఏ వీధిలో తీయలేదో చూపించాలి. మీరు మ్యాప్ మీద లారీలు కదిలేలా చేసి చూపిస్తే, క్లయింటు "మాకు కావాల్సింది ఇది కాదు" అన్నాడు. పైగా మీ టీంలో మంచు చూసినవాళ్లే లేరని టెన్షన్.

మంచు చూడకపోవడం గురించి బెంగ పెట్టుకోకండి. నేను ఈ పనిలోకి దిగేనాటికి నాకు తెలిసిన మంచంటే సంక్రాంతి పొద్దున్న కాలువ గట్టు మీద పట్టే మంచే. హైదరాబాద్‌లో ఉండగా నాలుగు చలికాలాలు అలాంటి ఒక నగరానికి పనిచేశాను. తర్వాత అమలాపురం వైపు వచ్చేసి, డెల్టాలోనే ఒక మున్సిపాలిటీ చెత్త ట్రాక్టర్లకి ఇదే పని చేశాను. రెండు చోట్లా తిన్న దెబ్బలు ఒకటే.

సూటి జవాబు: లారీని చూపించడం పక్కన పెట్టి, వీధిని చూపించండి. ప్రతి జీపీఎస్ చుక్కనీ అది ఏ వీధి సెగ్మెంట్‌దో, అంటే జంక్షన్ నుంచి జంక్షన్ దాకా ఉన్న ఏ ముక్కదో, దానికి ముడిపెట్టండి. ఆ సెగ్మెంట్ ఎదురుగా, బ్లేడు దించి చివరిసారి ఎప్పుడు వెళ్లారు, మొత్తం ఎన్నిసార్లు వెళ్లారు అని రెండు గడులు పెట్టండి. మ్యాప్ మీద రంగు ఆ రెండు గడుల నుంచి రావాలి. మ్యాప్ డేటా దాచే డేటాబేస్‌కి పోస్ట్‌జీఐఎస్, చుక్కల్ని రోడ్డుకి కట్టడానికి వాల్హల్లా గానీ ఓఎస్ఆర్ఎం గానీ (రెండూ దారులు లెక్కగట్టే రూటింగ్ ఇంజిన్లే) చాలు. సిటీ దగ్గర ఎస్రీ (మ్యాప్ సాఫ్ట్‌వేర్ కంపెనీ) లైసెన్స్ ఉంటే చివరి ఫలితాన్ని వాళ్ల ఫీచర్ సర్వీస్‌లోకి, అంటే వాళ్ల ఆన్‌లైన్ మ్యాప్ డేటాలోకి, పంపండి, చూసేది వాళ్లే కాబట్టి. సాఫ్ట్‌వేర్ ఏది అని ఇంతకు మించి మల్లగుల్లాలు పడొద్దు. మీ టైమంతా తినేసేది వీధుల మ్యాప్.

క్లయింటు ఎందుకు పెదవి విరిచాడో రెండు నగరాలు చూస్తే తెలుస్తుంది. షికాగో 2012 జనవరిలో ప్లౌ ట్రాకర్ అని జనం కోసం ఒక మ్యాప్ పెట్టింది. అందులో లారీలు ఎక్కడ తిరుగుతున్నాయో కనిపిస్తుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, మా వీధికి బండి వచ్చిందా అని అడిగేవాడికి పక్క వీధిలో కదిలే లారీ బొమ్మ జవాబు కాదు. న్యూయార్క్ సంగతి వేరు. 2010 డిసెంబర్ తుఫానులో అక్కడ సెంట్రల్ పార్క్‌లో 20 అంగుళాల మంచు పడింది. కొన్ని వీధుల్లోకి రోజుల తరబడి బండే రాలేదని నగరం తిట్లు తింది. ఆ తర్వాత బండ్లకి జీపీఎస్ పెట్టి, ఏ వీధిలో ఎంతసేపటి క్రితం తిరిగారో రంగుల్లో చూపించే మ్యాప్ తెచ్చారు. మీ క్లయింటు అడుగుతున్నది ఈ రెండో రకం.

అన్నట్టు, న్యూయార్క్‌లో మంచు తీసేది పారిశుధ్య శాఖే. చెత్త లారీలకే ముందు బ్లేడు బిగిస్తారు. షికాగోలోనూ చెత్త, మంచు రెండూ ఒకే శాఖ కింద ఉంటాయి. కాబట్టి మధ్యమధ్య మన ట్రాక్టర్ల కథలు తెస్తే విసుక్కోకండి.

ముందుగా మూడు టేబుళ్లు పెట్టుకోండి. మొదటిది వచ్చింది వచ్చినట్టు దాచే పచ్చి డేటా, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. రెండోది రోడ్డుకి కట్టిన చుక్కలు. మూడోది సెగ్మెంట్ల స్థితి. రెండోదీ మూడోదీ ఎప్పుడైనా చెరిపేసి, పచ్చి డేటా నుంచి మళ్లీ కట్టుకోగలగాలి. మీరు ఎక్కడో తప్పు చేస్తారు, అది ఫిబ్రవరిలో బయటపడుతుంది, డిసెంబర్ నుంచి లెక్క మళ్లీ తీయమంటారు. మాకు మూడుసార్లు అలా అయింది.

ఇక వీధుల మ్యాప్. సిటీ ఇచ్చే సెంటర్‌లైన్ ఫైలు (రోడ్ల నడిమధ్య గీతలు గీసిన మ్యాప్ ఫైలు) తెరవగానే అంతా సిద్ధంగా ఉన్నట్టే ఉంటుంది. నమ్మకండి. దాన్ని అడ్రసుల కోసమో పన్నుల కోసమో గీసి ఉంటారు, బండి నడవడానికి కాదు. జంక్షన్‌లో రెండు గీతలు కలిసినట్టే కనిపిస్తాయి, దగ్గరకి జూమ్ చేస్తే అరడుగు ఎడం ఉంటుంది. ఆ ఎడం ఉన్నంతకాలం రూటింగ్ ఇంజిన్ లెక్కలో అక్కడ దారి లేదు. ఇంకోచోట ఫ్లైఓవరూ దాని కింది రోడ్డూ గాల్లోనే కలిసిపోయి ఉంటాయి. ఇవన్నీ సరిచేసి, ప్రతి జంక్షన్ దగ్గరా గీతని తెంపి, ఒక్కో ముక్కకి ఒక్కో నంబర్ ఇవ్వండి. ఆ ముక్కనే నేను సెగ్మెంట్ అంటున్నది.

ఒక్కో సెగ్మెంట్‌కి ఎన్ని లేన్లో తప్పకుండా అడగండి. నాలుగు లేన్ల రోడ్డు మీద లారీ ఒకసారి వెళ్తే తీరేది ఒక్క లేనే. వెళ్లిన దిక్కు కూడా రాసుకోకపోతే, ఒక వైపు రెండుసార్లు గీకి రెండో వైపు వదిలేసిన రోడ్డు కూడా మీ మ్యాప్‌లో పని అయిపోయినట్టు ఆకుపచ్చగా వెలుగుతుంది. అలాగే సెగ్మెంట్ కొసన బండి ఇలా తొంగి చూసి వెళ్తే పని అయినట్టు కాదు. పొడవులో కనీసం ఎనభై, తొంభై శాతం మీద చుక్కలు నడిచాయా అని చూడాలి. ఆ గీత ఎక్కడ గీయాలో మీరు నిర్ణయించకండి, క్లయింటు చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి.

ఎవరి రోడ్డన్నది ఇంకో తలనొప్పి. మన దగ్గర ఆర్ అండ్ బీ రోడ్డు, పంచాయతీరాజ్ రోడ్డు, మున్సిపాలిటీ వీధి, ఇరిగేషన్ వాళ్ల కాలువ గట్టు ఒకదాన్నొకటి తగులుకుని ఉంటాయి కదా. అక్కడా అంతే: స్టేట్ హైవే, కౌంటీ రోడ్డు, సిటీ వీధి, ప్రైవేటు సందు. సిటీ తీయాల్సినవేవో ఒక కాలమ్‌లో ఉండకపోతే, ఎంత శాతం పూర్తయిందన్న లెక్కే తప్పుతుంది. ఇంకొకటి, సిటీ వాళ్లు సీజన్ మధ్యలో కొత్త లేఅవుట్ కలిపి ఫైలు మారుస్తారు, పాత నంబర్లు పోతాయి. చలికాలం మొదట్లోనే ఒక కాపీ తీసి ఆ ఏడాదంతా దానితోనే నడపండి.

చుక్కని రోడ్డుకి కట్టడం. అందరూ ముందు చేసే పని, చుక్కకి దగ్గర్లో ఉన్న గీత ఏదో దానికి కట్టేయడం. మేమూ అదే చేశాం. అమెరికాలో హైవే పక్కనే సర్వీస్ రోడ్డు ఉన్నచోటల్లా దెబ్బతిన్నాం. కానీ నాకు బాగా బుద్ధి వచ్చింది ఇక్కడ, కాలువ దగ్గర.

ఊరి మధ్య కాలువ, అటొక గట్టు రోడ్డు, ఇటొక గట్టు రోడ్డు. మధ్య ఎడం పాతిక మీటర్లు. చెత్త ట్రాక్టర్ తూర్పు గట్టున తిరుగుతోంది. డివైస్ చవకది, మీద కొబ్బరి చెట్ల నీడ, చుక్క పది పదిహేను మీటర్లు అటూ ఇటూ పడుతోంది. మా ప్రోగ్రాం వాటిలో సగం చుక్కల్ని పడమటి గట్టుకి కట్టేసింది. పదకొండు రోజులు పడమటి గట్టు మ్యాప్‌లో పచ్చగా ఉంది. అక్కడి జనం మాత్రం చెత్త ఎత్తడం లేదని రోజూ ఫోన్లు. ఆఫీసులో కూర్చున్న మేము మ్యాప్‌నే నమ్మాం. చివరికి శానిటరీ మేస్త్రీ వచ్చి, స్క్రీన్ వంక ఒక్కసారి చూసి, "ఆయ్, ఆ గట్టు మీదకి ట్రాక్టర్ ఎలా వెళ్తాదండీ, కల్వర్టు దగ్గర కొబ్బరి చెట్టు ఒరిగి నెల్లాళ్లయింది" అన్నాడు. ఇంజినీర్లం నలుగురం ఉన్నాం ఆ గదిలో.

దీనికి విరుగుడు, చుక్కని ఒంటరిగా చూడకుండా ముందు చుక్క, వెనక చుక్కతో కలిపి చూడటం. ఈ చుక్క పడమటి గట్టుది, పది సెకన్ల ముందుది తూర్పు గట్టుది అనుకుందాం. అటు నుంచి ఇటు రావాలంటే కిలోమీటరు పైనున్న వంతెన చుట్టి రావాలి. అంటే రెండు కిలోమీటర్ల పైమాట. చెత్త ట్రాక్టర్ పది సెకన్లలో అంత దూరం పోదు. కాబట్టి చుక్కే పక్కకి పడింది, బండి తూర్పు గట్టునే ఉంది. హిడెన్ మార్కోవ్ మోడల్ అని పెద్ద పేరుతో పిలిచేది ఈ తర్కాన్నే. 2009లో న్యూసన్, క్రమ్ అనే ఇద్దరు మైక్రోసాఫ్ట్ పరిశోధకులు దీన్ని రోడ్ల మ్యాపుకి ఎలా వాడాలో రాశారు. వాల్హల్లా, ఓఎస్ఆర్ఎం రెండింటిలోనూ ఉన్నది ఈ దారే. మీరు కొత్తగా రాయక్కర్లేదు.

అయితే వాటిని ఉన్నవి ఉన్నట్టు వాడితే కుదరదు. అవి మామూలు కార్ల కోసం చేసినవి. ప్లౌ లారీ వన్‌వేలో ఎదురు వెళ్తుంది, సందు చివరిదాకా పోయి రివర్స్‌లో వస్తుంది, ఒకే జంక్షన్‌లో నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ ఆడుతుంది. కారు ప్రొఫైల్‌లో, అంటే కార్లకి పెట్టిన నియమాల్లో, ఇవన్నీ నేరాలే, అందుకని ఇంజిన్ ఆ చుక్కల్ని ఇంకో వీధికి తోసేస్తుంది. వన్‌వే నిబంధన తీసేయండి, యూటర్న్‌కి వేసే జరిమానా తగ్గించండి. మ్యాప్‌లో లేని దారులు కూడా చూసుకోండి. ఒకసారి మేము అద్దెకి తెప్పించిన డ్రెయిన్ క్లీనింగ్ లారీ సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని నది దాటించే పడవ) ఎక్కి నరసాపురం వచ్చింది. మా ఇంజిన్‌కి పంటు తెలీదు. వశిష్ఠ గోదావరి పాయ మధ్యలో పడ్డ చుక్కల్ని ఏం చేయాలో తోచక, బండిని చించినాడ వంతెన మీదుగా విమానం వేగంతో తిప్పి తెచ్చింది. మీ నగరంలో నది ఉంటే ఫెర్రీలు, లేకపోతే డిపో లోపలి దారులు, ఇలాంటివి ఏవో ఉంటాయి.

ఎన్ని సెకన్లకో చుక్క వస్తోందన్నది దీనికి ప్రాణం. గంటకి 40 కిలోమీటర్ల మీద బండి సెకనుకి 11 మీటర్లు పోతుంది. 30 సెకన్లకో చుక్క అంటే మధ్యలో 330 మీటర్లు ఖాళీ. ఆ ఖాళీలో రెండు మలుపులు మాయమైపోవచ్చు. పది సెకన్లు అడగండి. ఇవ్వలేమంటే, బండి తిరిగినప్పుడు అదనంగా ఒక చుక్క పంపే సెట్టింగ్ చాలా డివైస్‌లలో ఉంటుంది, అది ఆన్ చేయించండి. డేటా బిల్లు పెద్దగా పెరగదు, మలుపులన్నీ దొరుకుతాయి.

ఇన్ని చెప్పాక ఒక వెసులుబాటు కూడా చెప్పాలి. లారీలు ఇరవై లోపు ఉండి, వీధులు గళ్లు గీసినట్టు ఉండి, పది సెకన్లకో చుక్క వస్తుంటే, మొదటి నెలకి ఇవేవీ అక్కర్లేదు. వీధికి 15 మీటర్ల లోపల పడి, బండి దిక్కు వీధి దిక్కుతో సరిపోయిన చుక్కల్నే తీసుకోండి. వారంలో చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. సర్వీస్ రోడ్డు ఉన్నచోట మాత్రం తప్పులు వస్తాయని క్లయింటుకి ముందే చెప్పేయండి.

బండి వెళ్లింది అంటే పని జరిగింది అని కాదు. డిపో నుంచి తన రూటు మొదలయ్యే చోటికి లారీ బ్లేడు ఎత్తుకునే పోతుంది. ఆ వీధులన్నీ మీరు పచ్చ రంగు వేస్తే అంతే సంగతులు. బ్లేడు సెన్సర్ సిగ్నల్, ఉప్పు చల్లే మెషీన్ సిగ్నల్ ఏపీఐలో వస్తున్నాయా అని మొదటి రోజే అడగండి. వచ్చినా గుడ్డిగా నమ్మొద్దు. సెన్సర్ మీద మంచు గడ్డకట్టి, రోజంతా "బ్లేడు కిందే ఉంది" అని చెప్పిన లారీ మాకు దొరికింది. గంటకి 90 కిలోమీటర్ల మీద బ్లేడు దించి ఎవరూ నడపరు. అలాంటి వరుసలు కనిపిస్తే ఆ లారీ సెన్సర్‌ని అనుమానితుల జాబితాలో వేయండి. ఉప్పు లెక్క కూడా విడిగా ఉంచండి, బ్లేడుతో కలపకండి. మామూలు రోడ్డు ఉప్పు సుమారు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ దిగువన మందగిస్తుంది, అలాంటి రాత్రి ఉప్పు చల్లిన వీధి, మంచు తీసిన వీధి ఒకటి కావు.

మా చెత్త ట్రాక్టర్లకి అలాంటి సెన్సర్లేవీ లేవు. ఆగిన తీరు చూసి పట్టుకున్నాం. చెత్త ఎత్తే బండి ఇరవై ముప్ఫై మీటర్లకోసారి ఆగుతుంది, ఊరికే వెళ్లే బండి ఆగదు. మీకు సెన్సర్ డేటా లేకపోతే వేగం మీద ఇలాంటి అంచనా ఒకటి వేసుకోవచ్చు, కానీ దాన్ని అంచనా అనే రాయండి.

చిన్నవిగా కనిపించి కొంప ముంచేవి ఇంకొన్ని ఉన్నాయి. సిగ్నల్ లేనిచోట డివైస్ చుక్కల్ని దాచుకుని, ఇరవై నిమిషాల తర్వాత ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. అందుకని సర్వర్‌కి చేరిన టైం కాకుండా డివైస్ టైమే వాడండి. డివైస్ నంబర్, డివైస్ టైం కలిపి ఒకటే కీ చేస్తే డూప్లికేట్లు వాటంతటవే ఆగిపోతాయి. లారీ షెడ్డుకి వెళ్తే దాని డివైస్ పీకి ఇంకో లారీకి పెడతారు, మీకు చెప్పరు. ఏ డివైస్ ఏ లారీలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉందో విడిగా ఒక టేబుల్ ఉండాలి. డిపోలో ఆగి ఉన్న లారీ చుక్క కుదురుగా ఉండదు, చుట్టూ తిరుగుతూ పక్క వీధుల్ని "శుభ్రం" చేసేస్తుంటుంది. డిపో చుట్టూ కంచె గీసి లోపలి చుక్కల్ని వదిలేయండి.

కొలతల దగ్గర మనవాళ్లు తప్పకుండా పడే గోతి ఒకటుంది. బఫర్‌ని, అంటే చుక్క చుట్టూ ఇంత దూరం అని గీసే హద్దుని, డిగ్రీల్లో గీయడం. 0.0002 డిగ్రీ అంటే భీమవరం దగ్గర ఉత్తర దక్షిణాలకి 22 మీటర్లు, తూర్పు పడమరలకి 21. దాదాపు గుండ్రమే, ఇక్కడి డేటాతో టెస్ట్ చేస్తే తప్పే కనపడదు. అదే షికాగో అక్షాంశం దగ్గర 22, 17 అవుతాయి. ఉత్తరానికి పోయేకొద్దీ బఫర్ పక్కల నుంచి నొక్కుకుపోతుంది. మీటర్లలో కొలిచే ప్రొజెక్షన్‌లోకి (గుండ్రటి భూమిని బల్లపరుపు మ్యాప్‌గా మార్చే పద్ధతి) మార్చాకే కొలవండి. మన డెల్టాకి ఆ ప్రొజెక్షన్ యూటీఎం 44 ఉత్తరం. వాళ్ల ఫైలు మాత్రం స్టేట్ ప్లేన్ అనే అమెరికా ప్రొజెక్షన్‌లో, అడుగుల్లో ఉండొచ్చు. ఆ అడుగు కూడా రెండు రకాలు, సర్వే అడుగు, అంతర్జాతీయ అడుగు. తేడా పది లక్షల్లో రెండు వంతులే, కానీ 20 లక్షల అడుగుల కోఆర్డినేట్ మీద అది నాలుగు అడుగులు. సర్వే అడుగుకి 2022 చివరితో స్వస్తి చెప్పారు గానీ పాత ఫైళ్లలో ఇంకా ఉంది.

టైం అంతా యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైం) దాచి, చూపించేటప్పుడే వాళ్ల టైంలోకి మార్చండి. మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున వాళ్ల గడియారం రెండు నుంచి మూడుకి దూకుతుంది, ఉత్తరాన అప్పటికీ మంచు పడుతూనే ఉంటుంది.

అన్నింటికంటే ముఖ్యంగా, లెక్క ఎప్పుడు సున్నాకి వస్తుందో అడగండి. మనకి ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అక్కడి నుంచి ఎవరి పనేంటో మారిపోతుంది. అలాగే అక్కడా సిటీ ఫలానా గంటకి ఆపరేషన్ మొదలైందని ప్రకటిస్తుంది. ఆ క్షణంలో సెగ్మెంట్లన్నీ మళ్లీ ఖాళీ అవ్వాలి. రోజుకోసారి అర్ధరాత్రికి సున్నా చేస్తే, రాత్రి పదికి మొదలైన తుఫానులో రెండు గంటల పని గాల్లో కలిసిపోతుంది. మేము అదే చేశాం, మొదటి తుఫాను రాత్రే.

జనానికి చూపించే మ్యాప్‌లో "శుభ్రం అయింది" అనే మాట వాడొద్దు. "బండి వెళ్లి ఎంతసేపైంది" అనే రాయండి. బండి వెళ్లిన గంటకి మళ్లీ నాలుగంగుళాలు పడితే, కిటికీలోంచి చూసే మనిషికి మీ పచ్చ రంగు వెక్కిరింపులా ఉంటుంది. డ్రైవర్ పేరు, లారీ నంబర్ ఆ మ్యాప్‌లోకి రానివ్వకండి.

మొదలుపెట్టడం ఇలా చేయండి. ఒక్క లారీ, ఒక్క రాత్రి డేటా తీసుకోండి. మీరు కట్టిన దారిని మ్యాప్ మీద గీసి, ప్రింట్ తీయించి, ఆ లారీ డ్రైవర్‌కే చూపించమని క్లయింటుని అడగండి. మొదట్లో మేము పంపినదాని మీద ఆ డ్రైవర్ ఎర్ర పెన్నుతో నాలుగు చోట్ల సున్నా చుట్టి పంపాడు. మూడు మా తప్పులు. నాలుగోది అతను కాఫీకి ఆగిన చోటు, అది మ్యాప్‌లోంచి తీసేయమని అడిగాడు.